తీగకు ఎంత? పాటకు ఎంత?

పాట్ మార్కెట్‌లో బంగారు గొలుసు కొంటే దుకాణదారు ముందు తూకం చూపిస్తాడు. తరవాత తరుగు ఇంత, మజూరీ ఇంత అని చీటీ రాసి చేతిలో పెడతాడు. ఆ లెక్క మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. లెక్కంటూ ఒకటి ఉంటుంది. ఈమధ్య గొలుసుతో పోటీపడే ఖరీదున్న వస్తువు ఇంకొకటి సంసారుల ఇళ్ళలోకి వస్తోంది. దానికి తూకం లేదు, తరుగు లేదు, గీటురాయి అసలే లేదు. అది నగ కాదు, కరెంటు తీగ! గోడమీది ప్లగ్గు నుంచి పాటల పెట్టె వరకూ పోయే గజమున్నర తీగ.

పాటల పెట్టె అంటే పూర్వపు రేడియో కాదు. యాంప్లిఫయరు ఒకటి, దానికి అటూ ఇటూ నిలబెట్టే స్పీకర్లు రెండు. యాంప్లిఫయరు వెనకపక్క మూడు పుల్లలున్న గూడు ఒకటి ఉంటుంది. అందులో తీగను గుచ్చవచ్చు, ఊడదీయవచ్చు. ఊడివచ్చే వస్తువంటూ ఒకటి ఉంటే, దాని చోట ఇంతకంటె మంచిది పెట్టుకోండి అంటూ అమ్మేవాడు రాకుండా ఉంటాడా? వచ్చాడు. పెట్టెతోపాటు ఉచితంగా వచ్చిన తీగను అవతల పారేసి తన తీగ పెట్టుకోమంటాడు. అది బొటనవేలంత లావున, పాము కుబుసంలాంటి అల్లిక తొడుగుతో, తళతళలాడే పిన్నులతో, పట్టుగుడ్డ పరిచిన పెట్టెలో పడుకుని వస్తుంది. ధర వేలలో మొదలై, ఓపికున్నవారికి లక్ష దాటుతుంది.

ఇంతకూ లాభమేమిటని అడిగితే, మృదంగం గట్టిగా మోగుతుందట. గాయకుడు గదిలోకి ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడతాడట. పాట వెనక ఉండే నిశ్శబ్దం మరింత నల్లబడుతుందట! నిశ్శబ్దానికి రంగుంటుందని నాకు ఇదివరకు తెలియదు.

ఈ గొడవ మా ఇంటిదాకా ఎందుకు వచ్చిందంటే, మా బావమరిది మూలంగా. మేముండేది సికిందరాబాదు బన్సీలాల్‌పేటలో. వాళ్ళు మా వెనక వీధిలోనే ఉంటారు. వాయిదాల పద్ధతిమీద యాంప్లిఫయరు కొన్నాడు. పాట బాగానే వస్తోంది గాని, పాట వెనక తుమ్మెద మోతలాగా ఒక ఝుంకారం. ఏ దుకాణంలోనో అడిగితే, "ఇంత మంచి పెట్టెకు ఆ నాసిరకం తీగేమిటి?" అని పదకొండు వేల తీగ చూపించారు. తోటి ఉద్యోగి ఒకాయన ఖర్చులేని చిట్కా చెప్పాడు: ప్లగ్గుకున్న మూడో పిన్ను విరిచెయ్యి, మోత పోతుంది అని. ఇంట్లో ఆరేళ్ళ పిల్ల ఉంది. పొద్దున్నే తడిగుడ్డ పెట్టి తుడిచే నాపరాళ్ళ నేల. యాంప్లిఫయరుది ఇనప పెట్టె.

"బావా, పదకొండు వేలు పోయడమా, పిన్ను విరవడమా, మీరే చెప్పండి," అన్నాడు.

రెండూ చెయ్యకు, వారం రోజులు ఆగు అన్నాను. ఆ వారంలో తెలుసుకున్నదే ఈ వ్యాసం.

టాంకూ, గొట్టమూ

ముందు యాంప్లిఫయరు లోపల కరెంటు ఏమవుతుందో చూద్దాం. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగే కరెంటు తిన్నగా స్పీకరులోకి పోదు. మామూలు యాంప్లిఫయరులో అయితే ముందు ట్రాన్స్‌ఫార్మరు దాని వోల్టేజిని తగ్గిస్తుంది. తరవాత రెక్టిఫయరు దాన్ని ఒకే దిక్కుకు మళ్ళిస్తుంది. ఆపైన కెపాసిటర్లు అనే డబ్బాలు దాన్ని నిలవచేస్తాయి. పాటకు కావలసిన శక్తి ఆ నిలవలోంచి వస్తుంది.

మన ఇళ్ళలో నీళ్ళ సంగతీ ఇంతే. మునిసిపాలిటీ పంపు నీళ్ళు సంపులో పడతాయి. మోటారు వాటిని మిద్దెమీది టాంకుకు ఎక్కిస్తుంది. వంటింటి కొళాయిలో వచ్చేవి టాంకులో నీళ్ళు. టాంకు నిండుగా ఉన్నంతకాలం, కింది గొట్టం ఇనపదా, రాగిదా అని కొళాయి అడగదు. మన కెపాసిటర్ల టాంకు సెకనుకు 100 సార్లు నిండుతుంది. తీగ చేసే పని ఆ నింపడం వరకే.

గొట్టం మరీ సన్నమైతే నిండదు గదా అంటారేమో. లెక్క చూడండి. కంప్యూటరుతో వచ్చే మామూలు తీగలో ఒక్కొక్క రాగి తీగ మందం ముప్పాతిక చదరపు మిల్లీమీటరు అనుకుందాం. అటువంటి రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 26 ఓముల నిరోధం. మన తీగ పొడవు మీటరున్నర. పోను రాను మూడు మీటర్లు. అంటే ఓములో పన్నెండో వంతుకు కాస్త తక్కువ. ఇంట్లో వినేటప్పుడు యాంప్లిఫయరు ఒక ఆంపియరు తీసుకుందనుకున్నా, 230 వోల్టులలో ఈ తీగ తినేది 0.08 వోల్టు. రెట్టింపు లావు తీగ పెడితే 0.04 అవుతుంది. ఈ లావాదేవీ అంతా కలిసి ఒక వోల్టులో పాతికో వంతు!

అదే ఆంపియరు, మీటరు దగ్గరనుంచి హాలు దాకా గోడలో ఇరవై మీటర్లు నడిచిన ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగలో అరవోల్టు వరకూ పోగొట్టుకుంటుంది. ఆ వెనక సందు చివరి ట్రాన్స్‌ఫార్మరు, దాని వెనక సబ్‌స్టేషను, దాని వెనక రామగుండం వంటి కేంద్రాలనుంచి వందల కిలోమీటర్లు వచ్చే అల్యూమినియం తీగలు. ఇంత దూరం సాధువులా నడిచివచ్చిన కరెంటుకు, గుమ్మం దగ్గర చివరి గజమున్నరలో పట్టు తివాచీ పరిస్తే గుణం మారుతుందా?

తివాచీ అమ్మేవారు దీనికొక జవాబు చెబుతారు. యాంప్లిఫయరు వైపునుంచి చూస్తే అది చివరి గజం కాదు, మొదటి గజం అంటారు. మాట చమత్కారంగానే ఉంది. అయితే టాంకు ముందున్నది మొదటి గజమైనా, చివరి గజమైనా, టాంకు టాంకే.

కళ్ళతో విన్నప్పుడు, చెవులతో విన్నప్పుడు

లెక్క ఒప్పుకున్నా మనసు ఒప్పుకోదు గదా! అందుకని ఒక ఆదివారం మా ఇంట్లోనే పోటీ పెట్టాం. తీగలు నాలుగు. మొదటిది పెట్టెతో వచ్చినది. రెండోది మూలపడిన కంప్యూటరుది. మూడోది ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల మూడుపోగుల ఫ్లెక్సిబుల్ వైరు రాణీగంజ్‌లో కొని, మా పేట ఎలక్ట్రీషియను చేత ప్లగ్గు బిగించినది. నాలుగోది స్నేహితుడి దగ్గర ఒక్కరోజుకు అరువు తెచ్చిన అల్లిక తొడుగు తీగ.

మొదటి పూట అందరమూ తీగలు చూస్తూనే విన్నాం. "లవకుశ" (1963) లో లీల, సుశీల కలిసి పాడిన పాటలు పెట్టాం. ఏకగ్రీవంగా అల్లిక తీగే గెలిచింది. రెండు గొంతులూ విడివిడిగా వినిపించాయన్నాడు మా బావమరిది. కంప్యూటరు తీగ పెట్టినప్పుడు పాట "పొడిగా" ఉందన్నది మా అమ్మాయి. నాకూ అలాగే అనిపించింది.

రెండో పూట మా ఆవిడ పెత్తనం. పెట్టెకూ మాకూ మధ్య దుప్పటి కట్టింది. వాల్యూము మరను పెన్సిలు గీత దగ్గర నిలిపి, ఎవరూ ముట్టుకోగూడదన్నది. చీట్లు తీసి, వచ్చిన అంకెనుబట్టి తీగ మార్చడం ఆవిడ పని. ఏ తీగో రాయడం మా పని. ఒకసారి మార్చకుండానే మార్చినట్లు చప్పుడు చేసింది కూడా!

సాయంత్రం పుస్తకం విప్పి చూస్తే కథ తలకిందులైంది. తప్పులూ ఒప్పులూ దాదాపు సరిసమానం. తీగ మార్చని ఆ ఒక్కసారి మా బావమరిది, "ఇదిగో, ఇదీ గొంతంటే!" అని రాసి గీత కూడా గీశాడు.

"ఒరే తమ్ముడూ, ఇప్పుడు వాయించింది ఏ తీగ అనుకున్నావ్? ఇందాకటిదేరా!" అన్నది మా ఆవిడ.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. పొద్దున తేడా నిజంగానే వినిపించింది. వినేది చెవే అయినా, తీర్పు రాసేది మనసు. మనసుకు కళ్ళు ముందే లంచమిచ్చాయి. పైగా తీగ మార్చాలంటే పెట్టె ఆపాలి, మళ్ళీ వెలిగించాలి. ఆ నిమిషంలో చెవి ఇందాకటి ధ్వనిని వివరంగా గుర్తుంచుకోలేదు. ఆ ఖాళీని ఊహ నింపుతుంది.

మా ఇంటి పోటీ పిల్లల ఆట అనుకుంటే, పెద్దలు చేసినది ఉంది. 2004లో అమెరికాలో సాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు సంగీత ప్రియుల సంఘం వారు ఇటువంటి పరీక్షే పెట్టారు. ఒకవైపు వేల డాలర్ల నార్డోస్ట్ తీగ, ఇంకొకవైపు మామూలు తీగ. తీగలలో తేడా ఉంటుందని నమ్మకమున్న వారే ఎక్కువమంది కూర్చున్నారు. మొత్తం 149 జవాబులు వచ్చాయి. అందులో సరైనవి 73. నూటికి 49 అన్నమాట. రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మా బొరుసా అని చెప్పినా అంతే వచ్చేది.

సరదాలకు మాత్రం హద్దెక్కడ? జపానులో ఒక వృద్ధ లాయరుగారు శుద్ధమైన కరెంటు కోసం ఇంటి ఆవరణలో సొంతానికి ఒక కరెంటు స్తంభమూ, దానిమీద ట్రాన్స్‌ఫార్మరూ వేయించుకున్నారనీ, అందుకు సుమారు పదివేల డాలర్లయిందనీ 2016లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. స్తోమత ఉన్నవారి ముచ్చట మనం కాదనవలసిన పని లేదు. మన ముచ్చట వాయిదాల మీద నడిచేది గనక లెక్క చూసుకోవాలి.

మోత ఎక్కడిది?

మరి మా బావమరిది ఇంటి ఝుంకారం? అది నిజమైనదే. ఊహ కాదు. దుప్పటి కట్టినా వినిపించింది.

మా పేట ఎలక్ట్రీషియనును పిలిచాం. తెల్లమీసాల మనిషి. తీగల ముచ్చటంతా ఓపిగ్గా విని అన్నాడు: "తీగ సంగతి తర్వాత జూద్దాం సార్. గోడలెనక ఏమున్నదో ఎవలన్న జూసిన్రా?"

ఆయన చేసిన మొదటి పని, టీవీ పెట్టెకు వచ్చే కేబుల్ వారి తీగను ఊడదీయడం. ఝుంకారం టక్కున ఆగింది! తిరిగి తగిలించాడు, మొదలైంది. కారణం ఇది: యాంప్లిఫయరు ఇనప పెట్టె గోడమీది ఎర్త్‌కు కలిసి ఉంది. టీవీ పెట్టె ద్వారా కేబుల్ తీగ పైతొడుగు కూడా దానికి తగులుతోంది. ఆ తొడుగు ఇంకెక్కడో, ఏ మిద్దెమీదో, వేరే చోట భూమిని తాకుతోంది. రెండు చోట్లా భూమి ఒకటే అనుకుంటాం గాని, రెంటి మధ్యా కొద్దిపాటి వోల్టేజి తేడా ఉంటుంది. ఆ తేడావల్ల తొడుగులగుండా చిన్న కరెంటు తిరుగుతుంది. అది 50 సార్ల ఊపుతో పాటలో కలిసి మోతగా వినబడుతుంది. ఎర్త్ లూపు అంటారు దీన్ని.

మూడో పిన్ను విరిస్తే ఈ లూపు తెగుతుంది. మోత నిజంగానే పోతుంది. చిట్కా చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు. మిగిలిన సగం వినండి. పెట్టె లోపల ఎప్పుడైనా ఫేజు తీగ తొడుగు చితికి ఇనపరేకుకు తగిలితే, మూడో పిన్ను ఉన్న ఇంట్లో ఆ కరెంటంతా భూమికి దూకి, ఫ్యూజు పోయో, ఎంసీబీ పడిపోయో పెట్టె ఆగిపోతుంది. పిన్ను విరిచిన ఇంట్లో ఏమీ జరగదు. దీపం వెలుగుతూనే ఉంటుంది, పాట పాడుతూనే ఉంటుంది. పెట్టె మాత్రం 230 వోల్టులతో కాచుకుని కూచుంటుంది, తడి కాళ్ళతో వచ్చి ముట్టుకునే చెయ్యి కోసం.

అందుకే మన ప్లగ్గులలో ఆ పిన్ను మిగతా రెంటికంటె పొడుగ్గా, లావుగా ఉంటుంది. అన్నిటికంటె ముందు గూట్లోకి దిగేది అది. చిట్టచివర బయటికి వచ్చేది అది.

"పిన్ను ఇరగ్గొట్టుడంటే, తలుపు కిర్రుమంటున్నదని తలుపే పీకేసినట్టు సార్," అన్నాడు ఎలక్ట్రీషియను.

మోతకు మందు చవకలోనే దొరికింది. టీవీ పెట్టె, యాంప్లిఫయరు ఒకే బోర్డుమీదికి మార్చి, కేబుల్ తీగ దారిలో ఐసొలేటరు అనే చిన్న బుడిపె పెట్టాడు. పాట సాగుతుంది, భూమి లంకె తెగుతుంది. మూడో పిన్ను దాని చోటున అది ఉంది. కోఠీ గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్సు సామాన్ల బజార్లలో అడిగితే ఇటువంటివి దొరుకుతాయి.

అంతటితో పోలేదాయన. వచ్చాను గదా అని ఇంట్లోని సాకెట్లన్నీ చూశాడు. ఫ్రిజ్ తగిలించిన సాకెట్టులో ఎర్త్ రంధ్రం ఉంది. దాని వెనక తీగ లేదు! వాళ్ళు కాపురం వచ్చిననాటినుంచీ ఆ ఫ్రిజ్ తలుపు తీసి మూసేది ఎక్కువగా ఆ ఆరేళ్ళ పిల్లే. మా బావమరిది మొహం చూడాలి. పాట తీగకోసం తీసిపెట్టిన పదకొండు వేలలో కొంత పెట్టి అన్ని సాకెట్లకూ ఎర్త్ తీగ లాగించాడు. ఇంకొంత పెట్టి మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. బిగించాడు. వెళ్ళిన కరెంటూ తిరిగివచ్చిన కరెంటూ సరిచూస్తూ కూర్చునే గుమాస్తా అది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికి, రెప్పపాటులో ఇంటి కరెంటు ఆపేస్తుంది. దానిమీద ఉండే చిన్న మీటను నెలకొకసారి నొక్కి, పనిచేస్తున్నదో లేదో చూసుకోవాలి.

మా పేటలో మెట్లబావి ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి చెత్తతో పూడిపోయి, అక్కడ బావి ఉందన్న మాటే చాలామంది మరిచిపోయారు. దాన్ని తవ్వి, బాగుచేసి 2022 డిసెంబరులో తెరిచారు. ఇప్పుడు చూడడానికి ఊళ్ళనుంచి వస్తున్నారు. ఇంటింటి ఎర్త్ గుంట కూడా అటువంటిదే. ఉప్పూ బొగ్గూ వేసి, గొట్టం దింపి, ఇల్లు కట్టిననాడు పూడుస్తారు. తరవాత దానిమీద తులసికోట వస్తుంది, సిమెంటు వస్తుంది, గుంట మరుగునపడుతుంది. మట్టి ఎండిపోతే ఎర్త్ బలం తగ్గుతుంది. వేసవిలో వారానికొక బిందె నీళ్ళు పొయ్యాలని పెద్దవాళ్ళు చెప్పేవారు. అది ఛాదస్తం కాదు.

కొనేవారికి నాలుగు మాటలు

తీగలన్నీ ఒకటే అని నా తాత్పర్యం కాదు. మంచి తీగా ఉంది, చెడ్డ తీగా ఉంది. తేడా పాటలో కాదు, పనితనంలో.

ఒకటి: తీగమీదా ప్లగ్గుమీదా ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. తీగకు ఐ.ఎస్. 694, ప్లగ్గుకు ఐ.ఎస్. 1293 అన్న అంకెలుంటాయి. గుర్తు దగ్గరున్న లైసెన్సు నంబరు నిజమైనదో కాదో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో చూసుకోవచ్చు.

రెండు: బరువు చూడండి. నాసిరకం తీగలలో పైన రాగిపూత, లోపల ఇనుమో అల్యూమినియమో ఉంటుంది. కొన ఒలిచి అయస్కాంతం పెట్టండి, రాగి అంటుకోదు. బ్లేడుతో గీకితే తెల్లబడేది రాగి కాదు.

మూడు: ఒక గంట పాట విన్నాక, ప్లగ్గు వెలుపలి భాగం ముట్టుకుని చూడండి. వెచ్చబడితే తప్పు చాలావరకు వదులైన సాకెట్టుది. వదులైన చోట నిప్పురవ్వలు పుడతాయి. చిటపట చప్పుళ్ళు పాటలోకి వస్తాయి, ఇల్లంటుకునే ప్రమాదమూ ఉంటుంది. సాకెట్టు మార్చడం తీగ మార్చడంకంటె మేలు.

నాలుగు: కరెంటు తీగనూ పాట తీగనూ ఒకే కట్టగా కట్టకండి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. కరెంటు తీగ పక్కనే పోయే పాట తీగ ఆ మోతను కొంత పట్టుకుంటుంది. పైన లోహపు జాలీ ఉన్న తీగ ఈ విషయంలో కొంత మేలు చేస్తుంది. ఖరీదైన తీగలకు నేనిచ్చే యోగ్యతాపత్రం అదొక్కటే. దూరంగా జరిపితే ఆ మేలు ఉచితంగానే వస్తుంది.

ఇంకొక మాట. కొన్ని పెట్టెలకు రెండు పిన్నుల తీగే వస్తుంది. వెనకపక్క చదరంలో చదరం గుర్తు ఉంటే భయంలేదు; లోపల రెండు పొరల రక్షణ ఉన్నదని దాని అర్థం. ఆ గుర్తు లేని ఇనప పెట్టెకు రెండు పిన్నుల తీగ తగిలించి ఉంటే మాత్రం పాట ఆపి, ముందు ఎలక్ట్రీషియనును పిలవండి.

పెట్టెతో వచ్చిన తీగ సరైనదైతే దాన్నే ఉంచండి. పోతే, రెండు మూడు వందలలో గుర్తున్న తీగ దొరుకుతుంది. మిగిలిన డబ్బు మంచి స్పీకర్లకు పెట్టండి; ఆ తేడా దుప్పటి అడ్డం కట్టినా వినిపిస్తుంది. అంతకంటె ముందు గోడ వెనక మూడో తీగ ఉన్నదో లేదో చూపించండి. ఆ తీగ ఉన్నందువల్ల పాట ఇసుమంతైనా మధురమవదు. పాట వినేవాళ్ళు మర్నాడు కూడా వింటారు.